పీపీఆర్ టీకా కలిపినంక ఎంతసేపు నిలుస్తది? ఐసు పట్టిన గొంతువాపు సీసాల సంగతేంది?

గోపాలమిత్ర_ములుగు

డాక్టర్ సార్లకు, తోటి అన్నలకు నమస్తే. ఏటూరునాగారం దిక్కు గూడాలల్ల మేకలకు పీపీఆర్ (పారుడు రోగం) టీకాలేస్తున్నం. ఒక్కో ఇంటికి ఐదారు మేకలు, గూడెం మొత్తం కలిపినా నలభై దాటవు. సీసా ఏమో 100 డోసులది. ఒక గూడెంల కలిపి, మిగిలింది ఐసు డబ్బాల పెట్టుకొని ఇంకో గూడెం చేరి మేకలను పట్టేసరికి పొద్దెక్కుతది. తొమ్మిది దాటిందంటే ఎండ చెప్పొద్దు.

కొన్ని సంగతులు తెల్వాలె. లేబుల్ మీద కలిపిన రెండు గంటల్ల వాడాలె అని ఉన్నది. ఐసుల పెట్టినం గద, ఇంకో గంట రెండు గంటలు ఆగదా? సబ్ సెంటర్ల ఉన్నది ఇంట్ల వాడే సింగిల్ డోర్ ఫ్రిజ్. ఒక పూట కరెంటు పోయి పొడి సీసాలు వెచ్చబడ్డయి, గడువు తేదీ ఇంకా ఏడాది ఉన్నది, మళ్ల చల్లబడ్డయి కాబట్టి పనికొస్తయా? అదే ఫ్రిజ్‌ల ఫ్రీజర్ కింది ట్రేల పెట్టిన గొంతువాపు సీసాలకు ఐసు పట్టింది, కరిగినంక చూస్తే మంచిగనే కనబడుతున్నయి. ఇంకోటి, ఎండకు తట్టుకునే టీకాలు తయారుచేస్తున్నరంటరు, అసలు టీకా నిల్వ కాలం ఎట్ల పెంచుతరు?

డాక్టర్_హన్మకొండ

తమ్మీ, రెండు గంటలంటే రెండు గంటలే. ఆ గడువు వేసిందే ఐసు మీద, నీడలో పెట్టిన మందుకు. ఐసు పెట్టినందుకు అదనంగా కలిసొచ్చేదేమీ లేదు. ఐసు లేకుంటే ఆ రెండు గంటలు కూడా ఉండవు.

పీపీఆర్ టీకాలో ఉన్నది బతికున్న, బలం తగ్గించిన వైరస్. మన దేశంలో ఎక్కువగా వాడేది సుంగ్రి 96 స్ట్రెయిన్ (వైరస్ రకం). పొడిగా ఉన్నంతసేపు అది చక్కెర, ప్రొటీన్ల మధ్య కదలకుండా ఇరుక్కుని ఉంటుంది. నీళ్లు తగిలిన నిమిషం నుంచి ఆ రక్షణ పోతుంది. దాని పైన ఉండే కొవ్వు పొర వేడికి, ఎండ వెలుతురుకు, సబ్బుకు, స్పిరిట్‌కు దేనికీ తట్టుకోదు. అందుకే పొడి సీసా ఒక పూట వెచ్చబడితే జరిగే నష్టం కంటే, కలిపిన మందు అరగంట ఎండలో ఉంటే జరిగే నష్టం ఎక్కువ. ఫీల్డులో టీకా ఫెయిలయిందంటే నేను ముందు అడిగేది ఫ్రిజ్ గురించి కాదు, ఎన్నింటికి కలిపారు, ఎన్నింటికి ఆఖరి మేకకు వేశారు అని.

కలిపే పద్ధతి. డైల్యూయెంట్ (పొడిని కరిగించే నీళ్లు) సీసాను ముందు రోజు రాత్రే 2–8 డిగ్రీల్లో పెట్టాలి. చాలామంది పొడి సీసాను భద్రంగా ఐసులో తెచ్చి, డైల్యూయెంట్‌ను బండి డిక్కీలో తెస్తారు. మే నెలలో ఆ నీళ్లు 45 డిగ్రీలుంటాయి, అందులో పొడి పోస్తే వైరస్‌ను మనమే ఉడకబెట్టినట్టు. చల్లని డైల్యూయెంట్ 5 ఎం.ఎల్. సిరంజిలోకి తీసుకుని పొడి సీసా రబ్బరు మూతలో సూది గుచ్చండి. వాక్యూమ్‌తో మూసిన సీసా అయితే నీళ్లు దానంతట అదే లోపలికి గుంజుకుంటుంది. గుంజుకోలేదంటే మూత దగ్గర గాలి దూరింది, గాలితో పాటు తేమా వెళ్లింది, ఆ సీసా పక్కన పెట్టేయండి. (కొన్ని కంపెనీలు వాక్యూమ్‌కు బదులు నైట్రోజన్ నింపుతాయి, వాటికి ఈ గుర్తు వర్తించదు.) పొడి బిళ్ల సీసా అడుగున గుల్లగా, ఒకే ముక్కగా ఉండాలి. కుంచించుకుపోయి గోడకు జిగటగా అంటుకుని ఉంటే తేమ పట్టినట్టే.

గట్టిగా కుదిపి నురగ తెప్పించొద్దు, అరచేతిలో మెల్లగా తిప్పితే కరుగుతుంది. కరిగింది తీసి 100 ఎం.ఎల్. సీసాలో కలిపి, అదే నీళ్లతో పొడి సీసాను ఇంకోసారి కడిగి అందులోనే పోయండి. మేకకైనా గొర్రెకైనా 1 ఎం.ఎల్., చర్మం కింద. సిరంజి, సూదులు మరగబెట్టినవైతే పూర్తిగా చల్లారాలి. సూది గుచ్చే చోట స్పిరిట్ రాయొద్దు. ఆటోమేటిక్ సిరంజి వాడితే సీసాను ఐసు డబ్బాలో పెట్టి, పైపు మాత్రం ఎండలో వేలాడేస్తుంటారు. ఆ పైపులో, సిరంజిలో నిలిచిన మందు వేడెక్కుతుంది. మనిషి నీడలో నిలబడాలి, మేకలు మనిషి దగ్గరికి రావాలి.

నలభై మేకల గూడేల సంగతి: పొడి బిళ్లను చిదిమి సగం వాడడం, 50 ఎం.ఎల్.లో కలిపి అర ఎం.ఎల్. వేయడం లాంటి తెలివి వద్దు. ముందు రోజు చాటింపు వేయించి రెండు గూడేల మేకలను మధ్యలో ఒక చోటికి, అడవికి తోలకముందే తెప్పించండి. పొద్దున ఆరింటికి కలిపితే ఎనిమిదికల్లా అయిపోవాలి. అలా కుదరకపోతే నలభై వేసి మిగతా అరవై డోసులు పారబోయడం తప్పు కాదు. ఆ అరవై డోసులు చచ్చిన మందుగా ఇంకో అరవై మేకలకు వేసి, రిజిస్టర్‌లో టీకా వేసినట్టు రాయడం తప్పు. మిగిలిన మందును చెట్లలో పోయకుండా సీసాతో సహా మరగబెట్టి పారేయండి, అందులో ఉన్నది బతికున్న వైరస్.

టీకా_ల్యాబ్

నిల్వ కాలం ఎలా పెంచుతారు అన్న ప్రశ్నకు తయారీ వైపు నుంచి కొంచెం వివరంగా చెబుతా. రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే దొరుకుతుంది.

టీకా సీసా మీద గడువు తేదీ ఒక అంచనా. ఆ సీసాను మొదటి రోజు నుంచి 2–8 డిగ్రీల్లోనే ఉంచితే, ఆ తేదీ నాటికి కూడా ఒక్కో డోసులో ఉండాల్సిన కనీస వైరస్ ఉంటుందని. పీపీఆర్‌కు ఆ కనీసం డోసుకు 2.5 లాగ్ టీసీఐడీ 50 (బతికున్న వైరస్‌ను కొలిచే యూనిట్), అంటే సుమారు 300 యూనిట్లు. ఒక్కో లాగ్ తగ్గితే వైరస్ పదో వంతుకు పడినట్టు. 100 డోసుల సీసాలో మొత్తం 4.5 లాగ్ ఉండాలి. కంపెనీ దీనికంటే ఎక్కువ నింపి పంపుతుంది, ఆ ఎక్కువే మనకు చేతిలో ఉన్న పెట్టుబడి.

లెక్క అర్థం కావడానికి ఊహా అంకెలు వేస్తా, వీటిని ఏ కంపెనీ సీసాకూ అన్వయించొద్దు. సీసా 5.5 లాగ్‌తో బయల్దేరిందనుకోండి, ఖర్చు పెట్టుకోవడానికి 1 లాగ్ ఉంది. ఫ్రిజ్‌లో నెలకు 0.02 లాగ్ పోతే రెండేళ్లకు పోయేది 0.48. ఇంకా సగం మిగిలే ఉంది. అదే పొడి 37 డిగ్రీల్లో రోజుకు 0.1 లాగ్ పోగొట్టుకుంటే పది రోజుల్లో మొత్తం ఖర్చు. కలిపిన మందు అదే వేడిలో గంటకు 0.3 పోగొట్టుకుంటే మూడు గంటలు దాటి కొంచెం సేపే వస్తుంది. పోయిన లాగ్ తిరిగి రాదు. మళ్లీ ఫ్రిజ్‌లో పెడితే ఆ క్షణం నుంచి నష్టం నెమ్మదిస్తుంది, అంతే.

కాబట్టి కరెంటు పోయిన సీసాల విషయం: తలుపు తీయకుండా ఉంటే ఒక పూటలో ఫ్రిజ్ లోపల 20ల్లోకి వెళ్తుందేమో. పొడి సీసా దాన్ని ఓర్చుకుంటుంది. పెట్టె మీద తేదీ, ఎన్ని గంటలు, లోపల ఎన్ని డిగ్రీలు అని రాసి, వాటినే ముందుగా వాడేయండి, వచ్చే సీజన్‌కు దాచొద్దు. రెండు మూడుసార్లు అలా అయిన సీసాలకు గడువు తేదీ మీద నమ్మకం పెట్టుకోకండి. లోపల ఎంత వేడెక్కిందో తెలియదు, రోజంతా అలాగే ఉందంటే తీసి పక్కన పెట్టడమే. మనుషుల టీకా సీసాల మీద వేడికి రంగు మారే వీవీఎం చుక్క ఉంటుంది, మనకొచ్చే పశువుల టీకాల్లో చాలావాటికి అది లేదు, కాబట్టి థర్మామీటర్, రిజిస్టరే దిక్కు.

ఇక తయారీ. సెల్ కల్చర్‌లో పెంచిన వైరస్ ద్రవాన్ని స్టెబిలైజర్‌తో (వైరస్‌ను కాపాడే చక్కెర, ప్రొటీన్ల మిశ్రమం) కలిపి సీసాల్లో నింపి, మైనస్ 40 లేదా ఇంకా కిందికి గడ్డకట్టిస్తారు. తర్వాత వాక్యూమ్‌లో ఐసు నీరు కాకుండా నేరుగా ఆవిరై పోతుంది. ఇది మొదటి దశ. ఇక్కడ తొందరపడి వేడి పెంచితే బిళ్ల కూలిపోతుంది, పైన డాక్టర్ గారు చెప్పిన జిగట బిళ్లకు ఇది కూడా ఒక కారణం. రెండో దశలో షెల్ఫు వేడిని మెల్లగా గది ఉష్ణోగ్రత దాకా, కొంచెం పైకి పెంచి, చక్కెర, ప్రొటీన్లకు అంటుకున్న నీటిని లాగుతారు. చివరికి మిగిలే తేమ 3 శాతం లోపు ఉండాలి, 1–2 మధ్య ఉంటే మంచిది.

ఈ తేమ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఎండిన చక్కెర గాజులా గట్టిపడి వైరస్‌ను కదలనివ్వదు. ఆ గాజు ఒక ఉష్ణోగ్రత దాటితే మెత్తబడుతుంది. మెత్తబడ్డాక వైరస్ చెడే వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. పూర్తిగా ఎండిన సుక్రోజ్ 60–70 డిగ్రీల దగ్గర మెత్తబడితే, ట్రెహలోజ్ 100 దాటాక మెత్తబడుతుంది. ఒకటి రెండు శాతం తేమ చేరినా ఈ హద్దు చాలా కిందికి జారుతుంది. ఎండకు తట్టుకునే టీకాల పరిశోధనలో ట్రెహలోజ్ పేరు పదే పదే రావడానికి కారణం ఇదే. స్టెబిలైజర్‌గా మామూలుగా వాడేది లాక్టాల్బుమిన్ హైడ్రోలైసేట్, సుక్రోజ్ మిశ్రమం, చవక.

ఎవరూ పట్టించుకోనిది రబ్బరు మూత. ఆటోక్లేవ్‌లో పెట్టినప్పుడు రబ్బరు ఆవిరిని పీల్చుకుంటుంది. సరిగా ఆరబెట్టకుండా బిగిస్తే నెలల తరబడి ఆ తేమను బిళ్లకు వదులుతూ ఉంటుంది. ఫ్యాక్టరీలో పరీక్ష పాసైన బ్యాచ్ ఆరు నెలలకు టైటర్ (బతికున్న వైరస్ లెక్క) పడిపోవడానికి ఇదొక కారణం. మూతల్ని ఓవెన్‌లో గంటల పాటు ఆరబెట్టి, వేడిగా ఉండగానే మూసిన డబ్బాల్లోకి మార్చాలి.

ఎండకు తట్టుకునే టీకా కొత్త ఊహ కాదు. రిండర్‌పెస్ట్‌కు (పశువుల ప్లేగు) వీరో కణాల్లో (ల్యాబుల్లో పెంచే కోతి కిడ్నీ కణాలు) పెంచి, ఎక్కువ సేపు మెల్లగా ఎండబెట్టి చేసిన థర్మోవాక్స్ టీకాను 1990ల్లో ఆఫ్రికాలో ఐసు లేకుండా 30 రోజుల దాకా మోసుకెళ్లారు. 2011లో ఆ జబ్బు ప్రపంచంలోనే లేకుండా పోయిందని ప్రకటించారు, అందులో ఈ టీకా పాత్ర చిన్నది కాదు. పీపీఆర్ వైరస్ అదే కుటుంబం కాబట్టి అదే దారిలో పనులు జరిగాయి. కానీ గుర్తు పెట్టుకోండి, ఎండకు తట్టుకునేది పొడి మాత్రమే. కలిపాక అన్నీ ఒకటే.

ఎల్ఎస్ఏ_హుస్నాబాద్

ల్యాబ్ సార్, రెండు డౌట్లు. అన్నీ డీప్ ఫ్రీజర్ల పడేస్తే ఇంకెక్కువ రోజులు ఆగుతయి గద? ఇంకోటి, డైల్యూయెంట్‌ల మెగ్నీషియం సల్ఫేట్ కలిపితే వైరస్ ఎక్కువసేపు బతుకుతదని ఒకరు చెప్పిన్రు. నిజమేనా?

టీకా_ల్యాబ్

పొడి లైవ్ టీకాలు మైనస్ 20లో ఇంకా బాగుంటాయి, నిజమే. పీపీఆర్, గొర్రెల మశూచి పొడి సీసాలకు అది ఓకే. కానీ డైల్యూయెంట్‌ను అందులో పెట్టొద్దు, గడ్డకట్టి సీసా పగులుతుంది, కంటికి కనబడని బీట పడినా లోపలికి క్రిములు దూరుతాయి. పొడి సీసాలను కూడా బయటికి లోపలికి మాటిమాటికి మార్చొద్దు. చంపిన టీకాలు (చచ్చిన క్రిమితో చేసినవి), అంటే గొంతువాపు, జబ్బవాపు, చిటుకు రోగం, గాలికుంటు, ఇవి డీప్ ఫ్రీజర్ ముఖం చూడకూడదు.

మెగ్నీషియం సల్ఫేట్ మాట ఉత్తది కాదు. ఈ కుటుంబం వైరస్‌లకు 1 మోలార్ ద్రావణం వేడి నుంచి కొంత కాపు ఇస్తుందని ల్యాబుల్లో తేలింది. 1 మోలార్ అంటే లీటరుకు సుమారు 246 గ్రాముల ఎప్సమ్ లవణం. అంత చిక్కటి ద్రావణాన్ని, అదీ షాపులో కొన్న లవణంతో, స్టెరిలైజ్ చేయకుండా మేక చర్మం కింద ఎక్కిస్తే గడ్డలు లేస్తాయి. లేబుల్‌లో లేనిది ఫీల్డులో కలపొద్దు. ఆర్ఎల్, డీఎన్ఎస్ సెలైన్ సీసాలతో కలపడం కూడా ఇంతే.

గోపాలమిత్ర_ములుగు

సార్లకు దండాలు. మూడో సంగతి మిగిలింది. గొంతువాపు సీసాలు మొత్తం ఆరు. రెండు నిలువునా గడ్డకట్టినయి, నాలుగిటికి అంచుల మీదనే ఐసు ఉండె. అన్నీ ఒకటే బ్యాచ్. షేక్ టెస్ట్ చేస్తే తెలుస్తది అన్నరు, అది ఎట్ల చేయాలె?

డాక్టర్_హన్మకొండ

నిలువునా గడ్డకట్టిన రెండింటికి టెస్ట్ అవసరం లేదు, కళ్లతో చూశారు కదా, పారేయడమే. కరిగాక మంచిగా కనబడటం మోసం. ఆలమ్ (అల్యూమినియం లవణం) టీకాలో యాంటిజెన్ (రక్షణ పుట్టించే పదార్థం) అల్యూమినియం రేణువులకు అంటుకుని ఉంటుంది. నీరు ఐసు స్ఫటికాలుగా మారేటప్పుడు ఆ రేణువులన్నీ ఒక పక్కకు నెట్టబడి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, కరిగినా విడిపోవు. అవి పెద్దవై బరువెక్కాయి కాబట్టి తొందరగా కిందికి దిగుతాయి. షేక్ టెస్ట్ పట్టుకునేది దీన్నే.

ముందు లేబుల్ చూడండి, ఆలమ్ అని ఉంటేనే ఈ టెస్ట్. గొంతువాపులో ఆయిల్ టీకా కూడా వస్తుంది, దానికి ఈ టెస్ట్ చెల్లదు. ఆ గడ్డకట్టిన రెండింటిలో ఒకదాన్ని కంట్రోల్‌గా ఉంచుకోండి. దాని మీద పెద్దక్షరాలతో వాడొద్దు అని రాసి, మళ్లీ ఒక రాత్రి ఫ్రీజర్‌లో పూర్తిగా గడ్డకట్టించండి. పొద్దున బల్ల మీద పెట్టి దానంతట అదే కరగనివ్వండి, వేడి నీళ్లలో ముంచొద్దు. అనుమానం ఉన్న సీసాను, దీన్ని ఒకే చేత్తో పట్టుకుని 10–15 సెకన్లు కుదిపి, కదలని బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. అర గంట దాకా చూడొచ్చు. కంట్రోల్‌లో పలుకుల్లాంటివి జారుతూ, పైన నీరు తేటబడుతూ వస్తుంది. అనుమానం సీసా ఇంకా సమంగా మబ్బుగానే ఉండి చాలా నెమ్మదిగా దిగుతుంటే బాగున్నట్టు. దానితో సమానంగా గానీ ముందుగా గానీ దిగితే చెడినట్టు. నాలుగింటినీ విడివిడిగా చూడాలి, ఒకటి పాసయితే మిగతావి పాసయినట్టు కాదు. సీసా ఒకే కంపెనీది, ఒకే బ్యాచ్, ఒకే సైజు కావాలి, లేకుంటే పోలిక అర్థం లేనిది. నాలుగు సీసాలకు ఇంత తంటా ఎందుకనుకుంటే నాలుగూ పారేయండి, నేనైతే అదే చేస్తా.

ఆయిల్ టీకా తెల్లగా పాలలా సమంగా ఉండాలి. నూనె, నీరు రెండు పొరలుగా విడిపోయి, మెల్లగా తిప్పినా కలవకపోతే ఎమల్షన్ విరిగింది, పనికిరాదు.

వేడికి మాత్రం ఏ షేక్ టెస్టూ లేదు. గాలికుంటు టీకా దీనికి మంచి ఉదాహరణ. అందులో చంపిన వైరస్ రేణువు మొత్తంగా ఉంటేనే పని, దాన్ని 146 ఎస్ అంటారు. వేడి తగిలినా, పీహెచ్ 7 కంటే తగ్గినా అది 12 ఎస్ ముక్కలుగా విడిపోతుంది, ముక్కలతో వచ్చే రక్షణ చాలా తక్కువ. మన మూడు రకాల్లో, అంటే ఓ, ఏ, ఏషియా 1లో, ఓ రకం త్వరగా విడిపోతుంది, మన దగ్గర ఎక్కువగా వచ్చేదీ అదే. సీసా చూస్తే ఏ తేడా కనబడదు. ఊర్లో ఏటా రెండుసార్లు టీకా వేసినా గాలికుంటు వచ్చిందంటే, స్ట్రెయిన్‌ను అనుమానించేముందు కోల్డ్ చెయిన్ రిజిస్టర్ తెరవండి.

ఫ్రిజ్ సర్దుకోవడం చెబుతా. సింగిల్ డోర్‌లో ఫ్రీజర్ కింది ట్రే అన్నిటికంటే ప్రమాదం, వెనక గోడ కూడా అంతే. తలుపు అరలు వెచ్చన. చంపిన టీకాలు మధ్య అరలో, గోడకు నాలుగు వేళ్లు దూరంగా. పొడి లైవ్ టీకాలు దాని పైన, ఫ్రీజర్‌కు దగ్గరగా. అడుగున కూరగాయల డబ్బా తీసేసి నీళ్లు నింపిన బాటిళ్లు పేర్చండి, కరెంటు పోయినప్పుడు చల్లదనం పట్టి ఉంచేది అవే. థర్మామీటర్ బల్బును నీళ్ల చిన్న సీసాలో ముంచి మధ్య అరలో పెట్టండి, అప్పుడు తలుపు తీసినప్పుడల్లా అంకె ఎగరదు. పొద్దున, సాయంత్రం రాయండి. పై మూత ఐఎల్ఆర్ (ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్) ఉన్నవాళ్లకు ఇది తిరగేసి వర్తిస్తుంది: అక్కడ అడుగు అతి చల్లన, చంపిన టీకాలు పైన బుట్టలో ఉండాలి.

పెరటికోళ్లు_జమ్మికుంట

పక్క ప్రశ్నకు సారీ. కొక్కెర తెగులుకు లాసోటా టీకా తాగే నీళ్లల్ల ఇస్తున్నం, పనిచేయట్లే. నల్లా నీళ్లే.

టీకా_ల్యాబ్

క్లోరిన్. వైరస్‌ను నిమిషాల్లో చంపుతుంది. లీటరుకు 2.5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి ముందు కలిపి, అరగంట ఆగి, తర్వాత టీకా. కుదిరితే బోరు నీళ్లే వాడండి, పాలపొడి మాత్రం అప్పుడూ కలపండి. ఇనుప, రేకు పాత్రలు వద్దు, ప్లాస్టిక్ వాడండి, అవీ డెటాల్‌తో కడిగినవి కావొద్దు. కోళ్లను పొద్దున గంటో రెండు గంటలో నీళ్లు లేకుండా ఉంచితే కలిపింది గంట రెండు గంటల్లో తాగేస్తాయి. పెరటి కోళ్లు నాలుగైదే అయితే నీళ్లలో ఇవ్వడం కంటే కంట్లో చుక్క నయం. ఊరి కోళ్ల కోసమే ఆస్ట్రేలియాలో ఐ2 అని వేడికి తట్టుకునే స్ట్రెయిన్ తయారుచేశారు, ఆఫ్రికా, ఆసియా పల్లెల్లో వాడకంలో ఉంది. దాన్నీ కంట్లో చుక్కగా వేస్తారు.

గోపాలమిత్ర_ములుగు

ఆరు సీసాలూ పారేస్తున్న సార్. ఆఖరుది. ఒక్క క్యారియర్ల పీపీఆర్, గొంతువాపు రెండూ తీస్కపోవాలె. ఫ్రీజర్ల నుంచి తీసిన ఐస్ ప్యాకులు అట్లనే పెట్టొచ్చునా?

డాక్టర్_హన్మకొండ

అట్లనే పెడితే దారిలో గొంతువాపు సీసాలు మళ్లీ గడ్డకడతాయి. ప్యాకులు తీసి బల్ల మీద పరిచి పెట్టు. చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు రావాలి, అప్పుడు క్యారియర్ గోడలకు నాలుగు వైపులా పేర్చు. ఎండాకాలం తొందరగానే వస్తుంది, గడియారం చూడకు, చప్పుడు విను. గొంతువాపు సీసాలను అట్టపెట్టెలోనే ఉంచి మధ్యలో పెట్టి, పీపీఆర్ పొడి సీసాలను జిప్ కవర్లో చుట్టి ప్యాకుల పక్కన పెట్టు, డైల్యూయెంట్ కూడా అందులోనే. ఐసు కరిగిన నీళ్లలో లేబుళ్లు ఊడిపోతే బ్యాచ్ నంబర్ పోతుంది, కాబట్టి బయల్దేరేముందు నంబర్లు రిజిస్టర్‌లో ఎక్కించు.